దొరసాని గారి గాజు బంతులు

క్రైస్తవ ధర్మానికి ఈ శతాబ్దంలో ఎదురైన అతి పెద్ద ప్రమాదం బెజవాడలో, మా సంఘానికి, ఒక చెక్కపెట్టెలో దూది చుట్టుకుని వచ్చింది!

ఈ మాట నాది కాదు. నాకంత చదువు లేదు. మా సంఘం సెక్రటరీ లాజరు గారు నిండు కమిటీలో నిలబడి ప్రకటించిన మాట. లాజరు గారు తాసిల్దారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆయనకు తప్ప తాలూకా అంతటికీ తెలుసు.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు సంపూర్ణమ్మ. మా ఆయన జక్కయ్య గారు ఆ సంఘానికి పాస్టరు. పాస్టరును అయ్యగారంటారు, పాస్టరు భార్యను అమ్మగారంటారు. ఈ పిలుపులు విని మేమేదో ఏలేస్తున్నామనుకునేరు! ఏలేది కమిటీ. మా ఆయన ఆదివారం పూట దేవుడికి భయపడతారు. తక్కిన రోజులన్నీ కమిటీకి భయపడతారు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. డిసెంబరు మొదట్లో ఒకనాడు మిషను ఆస్పత్రి నర్సు అమలమ్మ మా ఇంటికి వచ్చింది. పై చదువుకని ఇంగ్లండు వెళ్ళి అప్పుడే తిరిగొచ్చిన పిల్ల. చేతిలో ఒక చెక్కపెట్టె. దాన్ని పసిబిడ్డను దించినట్టు బల్ల మీదికి దించింది.

"ఎలిజబెత్ దొరసాని గారు పంపించారండీ అమ్మగారూ. విమానంలో ఒళ్ళోంచి దించకుండా తెచ్చాను" అంది.

ఎలిజబెత్ దొరసాని గారంటే మా ఊళ్ళో ఆడపిల్లల బోర్డింగు స్కూలు పెట్టి, ముప్ఫై ఏళ్ళకు పైగా నడిపి, ముసలితనం వచ్చాక తమ దేశం వెళ్ళిపోయిన ఆవిడ. పెట్టె తెరిచాం. దూదిలో నాలుగు గాజు బంతులు. క్రిస్మస్ చెట్టుకు కట్టుకునేవి. ఒక్కోటీ బత్తాయికాయ కంటే కాస్త పెద్దది. ఒక్కో బంతి చుట్టూ ఒక్కో బొమ్మ. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఇటలీ దేశంలోనూ ఆ చుట్టుపక్కలా మహా చిత్రకారులు వేసిన పటాలట. వాటిని చూసి ఎవరో వెంట్రుకంత కుంచెతో గాజు మీదికి దించారు. బంతిని వెలుగులోకి తిప్పితే అందులోని మనుషులు ఊపిరి తీస్తున్నట్టే ఉంది.

అంతదాకా మా సంఘంలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మ. దానికి రంగు కాగితాల గొలుసులు, మంచుకు బదులు దూది. ఫ్యాను కింద కూర్చుని, ఆ దూదిని చూసి చలేస్తున్నట్టు పాటలు పాడేవాళ్ళం. అలాంటి మాకు ఈ బంతులు!

"దొరసాని గారు ఒక్కటే చెప్పారండి" అంది అమలమ్మ. "మొదటి బంతి మణెమ్మ చేత కట్టించమన్నారు. బోర్డింగులో మొట్టమొదట చేరిన పిల్ల తనేనట."

మణెమ్మ మా గుడి ఊడుస్తుంది. ఆరో క్లాసులో ఉండగా ఇంట్లోవాళ్ళు బోర్డింగు మాన్పించి పెళ్ళి చేశారు. మొగుడు పోయాక చీపురు పట్టింది. మా కమిటీ సభ్యులు నలుగురి ఇళ్ళలోనూ పాచిపని తనే చేస్తుంది. మణెమ్మ చీపురెంత శుభ్రమో నోరూ అంత శుభ్రం. రెండూ ఏదీ లోపల ఉండనివ్వవు. ఊళ్ళో మణెమ్మ నోటికి భయపడని మనిషి లేడు.

నేను కబురు చెప్పగానే ఆ నోరు మొదటిసారి మూతపడింది. చేతిలో చీపురు అలాగే పట్టుకుని నిలబడింది.

"దొరసానమ్మకి నేనింకా గుర్తున్నానా?" అంది చివరికి.

"గుర్తుండబట్టేగా చెప్పి పంపించారు."

"నా చేత్తోనేనా? అందరి ముందూ?"

"నీ చేత్తోనే. నేను దగ్గరుండి కట్టిస్తాను."

ఆ సాయంత్రమే మణెమ్మ తనకున్న ఒక్క తెల్లచీర ఉతికి, గంజి పెట్టి, మా పెరట్లో ఆరేసింది. క్రిస్మస్ ఇంకా మూడు వారాలుంది!

మర్నాడు కమిటీ కూర్చుంది. అధ్యక్షులు మా ఆయన. అంటే కుర్చీ ఆయనది, మాట వాళ్ళది. సభ్యులు నలుగురు. లాజరు గారి సంగతి చెప్పాను. రెండో వారు జాన్‌బాబు గారు, రోడ్ల కాంట్రాక్టరు. మద్యపాన వ్యతిరేక సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. మూడో వారు తెరేసమ్మ గారు, స్త్రీల సమాజం ప్రెసిడెంటు. ఆవిడ పుట్టింది కతోలిక్కుల ఇంట్లో, పెళ్ళితో మా ప్రొటెస్టెంటు సంఘంలోకి వచ్చారు. అందువల్ల పుట్టుకతో మా వాళ్ళైన వాళ్ళందరికంటే ఆవిడకే కతోలిక్కులంటే ఎక్కువ మంట. నాలుగో వారు రత్తయ్య గారు, రిటైర్డు హెడ్మాస్టరు. సండే స్కూల్లో నీతిబోధ చేస్తారు.

నేను టీలు అందిస్తున్నాను. మా ఆయన పెట్టె మూత తీశారు. ముందుగా తెరేసమ్మ గారు ఒక బంతి తీసి చూశారు. తల్లీ బిడ్డా ఉన్న బొమ్మ. తల్లి నీలం కొంగులోంచి బిడ్డ చెయ్యి బయటికి చాచి ఉంది. అంత చక్కటి బొమ్మ నేను మళ్ళీ చూడలేదు.

"అయ్యో అయ్యో! ఇది మరియమ్మ గారి బొమ్మ!" అన్నారు తెరేసమ్మ గారు. "తల వెనక ఆ బంగారు చక్రం చూశారా? ఇవాళ చెట్టుకు కడతాం. రేపు దీని ముందు కొవ్వొత్తి వెలిగిస్తారు. ఎల్లుండి మల్లెపూలు చుడతారు. ఆ పై ఏడు మన సంఘం సంఘమంతా గుణదలలో కతోలిక్కుల కొండ మీద ఉంటుంది!"

మా ఆయన ఏదో అనబోయి టీ తాగారు.

జాన్‌బాబు గారు రెండో బంతి తీశారు. అది కానా ఊరి పెళ్ళి. పెద్ద పందిరి, బల్లల నిండా అతిథులు, రాతి బానల్లోంచి ద్రాక్షారసం వంచుతున్న పనివాళ్ళు. జాన్‌బాబు గారి ముఖం ఎర్రబడింది.

"తాగుడు! దేవుని మందిరంలో తాగుడు బొమ్మ! నేను ఊరూరా తిరిగి సారా మానమని ఉపన్యాసాలిస్తుంటే, మన చెట్టు మీద బానలు బానలు పోస్తారా?"

"అది ప్రభువు నీళ్ళను ద్రాక్షారసం చేసిన మొదటి అద్భుతం కదండీ. గ్రంథంలోనే ఉంది" అన్నారు మా ఆయన మెల్లిగా.

"గ్రంథంలో ఉండచ్చు అయ్యగారూ! చెట్టు మీద ఉండకూడదు!"

మూడో బంతి రత్తయ్య గారి చేతికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు. బంతిని అటు తిప్పారు, ఇటు తిప్పారు. తక్కినవాళ్ళ టీలు చల్లారిపోయాయి.

"ఏమిటండీ ఆ బొమ్మ?" అన్నారు లాజరు గారు.

"ఆదాము, అవ్వ. ఏదెను తోట. ఇందులో ఆకులు తక్కువగా ఉన్నాయండీ."

"ఎన్నున్నాయి?"

"అదే లెక్క పెడుతున్నాను. ఇది పసిపిల్లలు చూడదగ్గది కాదు. పెద్దలు కూడా ఒకసారి చూసి నిర్ణయించవలసింది కాదు. ఇంటి దగ్గర క్షుణ్ణంగా పరిశీలించాలి."

ఇక నాలుగో బంతి. లాజరు గారు దాన్ని అర్జీ చదివినట్టు చదివారు. పశువుల పాకలో బిడ్డ పడుకుని ఉన్నాడు. గొర్రెల కాపరులు బిడ్డను ఆనుకుని మోకాళ్ళ మీద ఉన్నారు. ఒకడి కాలు మడమ మీద మట్టి కూడా కనిపిస్తోంది. తూర్పు దేశపు రాజులు కిరీటాలతో సహా గుమ్మం బయట, వెనక వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.

మా గుడిలో వరసల సంగతి మీకు తెలియాలి. ముందు వరస పేము కుర్చీలు, వీపు మీద పేర్లు రాసి ఉంటాయి. కమిటీ వారివి. ఆ వెనక బెంచీలు, ఉద్యోగస్తులవి. ఆ వెనక చాపలు. రిక్షా వాళ్ళు, కూలీనాలీ వాళ్ళు, ఉయ్యూరు వైపు చెరుకు కోతలకు పోయొచ్చే వాళ్ళు చాపల మీద కూర్చుంటారు. మణెమ్మ చాప గుమ్మం పక్కన.

లాజరు గారు లేచి నిలబడ్డారు. "ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన బంతి! రాజులు వెనకా, గొర్రెల వాళ్ళు ముందూనా? ఇది ఏ ప్రోటోకాల్ ప్రకారం? చాపల మీది వాళ్ళు దీన్ని చూసి రేపు లేచి ముందుకు వస్తే సంఘ పరిపాలన ఏమైపోతుంది? క్రైస్తవ ధర్మానికి ఈ శతాబ్దంలో ఎదురైన అతి పెద్ద ప్రమాదం ఈ పెట్టెలో ఉంది!"

"నాలుగూ వద్దంటే చెట్టుకు ఏం కడదామండీ?" అన్నారు మా ఆయన.

"దూది!" అన్నారు లాజరు గారు. "దూదికి ఏ అభ్యంతరమూ లేదు."

అప్పటికప్పుడు తీర్మానం అయిపోయింది. సదరు అభ్యంతరకరమైన బంతులు నాలుగింటినీ ధ్వంసం చేయుటకు ఏకగ్రీవంగా నిశ్చయించడమైనది. ఏ సభ్యుడు ఏ బంతికి అభ్యంతరం తెలిపెనో ఆ సభ్యుడే దానిని స్వగృహమునకు గొనిపోయి స్వహస్తాలతో ధ్వంసం చేయవలెను.

"స్వగృహం దాకా ఎందుకండీ? రోకలి తెస్తాను, ఇక్కడే పగలగొట్టేయండి" అన్నాను నేను.

నలుగురూ నా వంక హంతకురాలిని చూసినట్టు చూశారు.

"అంత ఆవేశం పనికిరాదమ్మగారూ. గాజు పెంకులు గుచ్చుకుంటాయి" అన్నారు జాన్‌బాబు గారు. బంతిని ముందు దూదిలో, ఆ పైన జేబురుమాలులో, ఆ పైన కండువాలో చుట్టుకున్నారు. ధ్వంసం చేయబోయే వస్తువును అంత మెత్తగా తీసుకెళ్ళడం నేనెక్కడా చూడలేదు!

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ నివేదికలు సమర్పించారు. తెరేసమ్మ గారు తన బంతిని రోట్లో వేసి పిండి పిండిగా దంచేశారట. జాన్‌బాబు గారు బ్యారేజీ మీంచి కృష్ణలోకి విసిరారట. గేట్లు ఎత్తి ఉన్నాయి కాబట్టి ఈపాటికి సముద్రంలో కలిసే ఉంటుందట. రత్తయ్య గారు కుంపట్లో వేసి కాల్చారట. లాజరు గారు సాక్షుల సమక్షంలో సుత్తితో పగలగొట్టి పంచనామా కూడా రాశారట. మా ఆయన నలుగురికీ కృతజ్ఞతలు చెప్పారు. చెప్పక ఏం చేస్తారు?

మణెమ్మతో చెప్పవలసిన పని నా మీద పడింది. పెరట్లో దండెం మీంచి ఆ తెల్లచీర తీసి మడత పెడుతూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పోనీలెండమ్మగారూ. గాజు వస్తువు. మనదాకా వచ్చేదాకా ఉంటదా?" అంది. చీర తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట కంటే రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ వారంలోనే జాన్‌బాబు గారి కూతురు పుట్టినరోజు ప్రార్థనకని బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్ళ కొత్త మేడకు వెళ్ళాం. హాల్లో అద్దాల షోకేసు. అందులో నడుమ అరలో, లైటు కింద, కానా ఊరి పెళ్ళి! దాని ముందు నిలబడి రైసు మిల్లు యజమాని రామకోటేశ్వరరావు గారు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏం పనితనమండీ! ఎక్కడ కొన్నారు?"

"రోములో" అన్నారు జాన్‌బాబు గారు మమ్మల్ని చూడకుండా.

"ఓహో! రోము ఎప్పుడు వెళ్ళొచ్చారు?"

"వెళ్ళినట్టేనండీ."

"మీ వాళ్ళ పెళ్ళిళ్ళలో ఇంత ఇదిగా పోస్తారని తెలిస్తే ఒక్క పెళ్ళి కూడా మానకపోదును గదండీ!" అంటూ రావుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అంతలో జాన్‌బాబు గారు మా ఆయన్ను చూడనే చూశారు. "అయ్యగారూ, ఇది అది కాదు. అలాంటిదే ఇంకోటి" అన్నారు. మా ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు.

గులాబీ పువ్వులు వండే అచ్చు అడగడానికి నేను తెరేసమ్మ గారింటికి వెళ్ళాను. వంటింట్లో ఆవిడ లేరు. పక్క గదిలోకి తొంగిచూశాను. కిటికీ చువ్వకు తల్లీ బిడ్డల బంతి వేలాడుతోంది. దాని ముందు కొవ్వొత్తి. దాని చుట్టూ మల్లెదండ. దాని కింద తెరేసమ్మ గారు మోకాళ్ళ మీద!

నన్ను చూసి ఉలిక్కిపడి లేచారు. "ఇదా? ఇది మా పుట్టింటిదమ్మగారూ. నేను దంచింది వేరే."

ఇక రత్తయ్య గారు వీధి కిటికీ దగ్గర కూర్చుని పొద్దస్తమానం భూతద్దంతో ఆకులు లెక్కపెడుతున్న సంగతి ఆ వీధిలో పాలవాడి దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. లాజరు గారిది మణెమ్మే కనిపెట్టింది. మంచం కింద ఊడుస్తుంటే ట్రంకు పెట్టె తెరిచి ఉందట. ఆయన పాత తాసిల్దారు కోటు మడతల్లో గొర్రెల కాపరుల బంతి.

ఆ మధ్యాహ్నం మణెమ్మ మా ఇంటికొచ్చి గడప మీద కూలబడింది.

"పగిలిపోయిందంటే ఊరుకున్నానమ్మగారూ. పగల్లేదు. నా చెయ్యి తగలకూడదని దాచుకున్నారు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకేం తెలవదనుకుంటన్నారు. తెలవనట్టే ఉంటా. ఎంతకాలం దాచుకుంటారో చూద్దాం."

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అమలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎలిజబెత్ దొరసాని గారు స్వయంగా వస్తున్నారు! ఆస్పత్రి స్వర్ణోత్సవానికి పిలిచారట. క్రిస్మస్ ఆరాధన మా గుడిలోనే చేస్తారట. సాయంత్రం కమిటీ వాళ్ళ ఇళ్ళన్నిటికీ టీకి వస్తారట. పైగా ఆస్పత్రి పాలకవర్గంలో మా సంఘం నుంచి ఒకరిని వేసుకుంటారట, ఆ ఒకరు ఎవరో దొరసాని గారే చెబుతారట.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. బంతులు ప్రయాణంలో పగిలిపోయాయని చెప్పడానికి ఏకగ్రీవంగా నిశ్చయించారు.

"నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చానండీ! నేను పగలగొట్టానని చెబుతారా?" అంది అమలమ్మ.

"చిన్న వయసు, క్షమించేస్తారులే" అన్నారు లాజరు గారు ఉదారంగా.

సమావేశం ముగిసింది. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు. నలుగురి తలల్లోనూ ఒకే ఆలోచన ఉందని అప్పుడు నాకు తెలియదు. తక్కిన మూడు బంతులూ ఎలాగూ ధ్వంసమైపోయాయి. తన బంతి ఒక్కటే చెట్టు మీద మెరుస్తుంటే, దాన్ని ప్రాణంలా కాపాడింది తనేనని దొరసాని గారితో అంటే, పాలకవర్గంలో కుర్చీ ఎవరిది?

క్రిస్మస్ నాడు తెల్లవారగానే నేనూ మణెమ్మా గుడిలో చెట్టు సర్దుతున్నాం. మణెమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. నేను కాగితపు గొలుసులు కడుతుంటే తను దూది అంటిస్తోంది. తలుపు కిర్రుమంది. లాజరు గారు మెల్లిగా లోపలికొచ్చారు. కోటు ఎడమ జేబు బత్తాయికాయంత ఉబ్బి ఉంది. మమ్మల్ని చూసి ఆగిపోయారు.

"వందనాలండీ. ఇంత పొద్దున్నే వచ్చారే?" అన్నాను.

"ప్రార్థనకు!" అన్నారాయన. అని, చెట్టు పక్కనే మోకరించారు.

రెండు నిమిషాలకు జాన్‌బాబు గారు. ఎప్పుడూ లేనిది శాలువా కప్పుకున్నారు. లాజరు గారిని చూసి వెనక్కి తిరగబోయారు. మణెమ్మ ఊరుకుంటుందా! "రండయ్యా రండి, ప్రార్థనకేగా?" అంది. ఆయన ఇంకో పక్క మోకరించారు. ఆ తర్వాత పెద్ద చేతిసంచితో తెరేసమ్మ గారు. ఆ తర్వాత ఓవర్‌కోటుతో రత్తయ్య గారు. బెజవాడలో ఓవర్‌కోటు! చెట్టు చుట్టూ నలుగురూ మోకాళ్ళ మీద. కళ్ళు మూసుకున్నారు గాని, ఒక్కో కన్ను మధ్యమధ్య తెరుచుకుని పక్కవాళ్ళు లేచారేమోనని చూస్తోంది. ఎవరూ లేవరు!

లాజరు గారు పైకే ప్రార్థించడం మొదలుపెట్టారు. "ప్రభువా! సహోదరుడు జాన్‌బాబు మోకాళ్ళ నొప్పి నీకు తెలుసు. అతన్ని తక్షణమే ఇంటికి పంపి విశ్రాంతి దయచేయుము!"

"ప్రభువా!" అన్నారు జాన్‌బాబు గారు ఇంకా గట్టిగా. "పెద్దవాడైన లాజరు గారు పొద్దున కాఫీ కూడా తాగలేదు. ఆయన్ను మొదట పంపుము!"

"ప్రభువా, మగవాళ్ళందరినీ పంపుము!" అన్నారు తెరేసమ్మ గారు.

 రత్తయ్య గారు జేబులో వస్తువును ఆఖరిసారి తడిమి చూసుకుంటున్నారు.

నా పక్కన మణెమ్మ దూది నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. మా ఆయన లోపలికొచ్చి ఆ దృశ్యం చూసి నిర్ఘాంతపోయారు. ఆయన పాస్టరు జీవితంలో పిలవకుండా కమిటీ ప్రార్థనకు రావడం అదే మొదలు. ఆయన కూడా మోకరించారు, పాపం.

బయట జీపు ఆగింది. అమలమ్మ భుజం పట్టుకుని ఎలిజబెత్ దొరసాని గారు లోపలికి వచ్చారు. జుట్టు ముగ్గుబుట్టలా నెరిసింది. చేతికర్ర నేల మీద ఆన్చి నిలబడి, చెట్టు చుట్టూ వంగి ఉన్న తలలు చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా సంఘము!" అన్నారు. "తెల్లవారగనే మోకాళ్ళ మీద ఉన్న సంఘము! ఇట్టి దానిని నేను ఏ దేశములోనూ చూడలేదు!"

నలుగురూ లేవలేక లేచారు. దొరసాని గారు చెట్టును చూశారు. దూది, కాగితాలు. లాజరు గారు గొంతు సవరించుకున్నారు. "దొరసాని గారూ, తాము పంపిన వస్తువులు ప్రయాణ కాలమందు దురదృష్టవశాత్తూ..."

ఆవిడ వినిపించుకోలేదు. ఆవిడ చూపు తెరేసమ్మ గారి చేతిసంచి మీద ఉంది. సంచి నిండుగా ఉండి నోరు మూతపడలేదు. అందులోంచి నీలం కొంగు, బంగారు చక్రం కనిపిస్తున్నాయి.

"అమ్మా, నీ సంచిలోనుండి తల్లి చూచుచున్నది!" అన్నారు దొరసాని గారు సంతోషంగా. "ఓ, నాకు అర్థమైనది. బోర్డింగులో మేము చేసినట్లు! ప్రతివారు తమ వంతు తామే తెచ్చి కట్టవలెను, కాదా? కట్టుము, కట్టుము!"

తెరేసమ్మ గారు ఏం చేస్తారు? బంతి తీసి చెట్టుకు కట్టారు. మల్లెదండతో సహా!

అది చూసి జాన్‌బాబు గారి ముఖం మాడిపోయింది. ఇక దాచుకుంటే లాభం లేదని, శాలువాలోంచి కానా పెళ్ళి తీసి కట్టారు. రత్తయ్య గారు ఓవర్‌కోటులోంచి ఆదామునూ అవ్వనూ తీశారు. వాళ్ళిద్దరికీ ఎవరో సిరాతో కొత్తగా నాలుగు ఆకులు వేసి ఉన్నారు. లాజరు గారు చిట్టచివర, గొర్రెల కాపరుల్ని కొమ్మకు కట్టి, గోడవైపు తిప్పారు.

మా ఆయన మంచి మనిషి. ఆ ఆశ్చర్యంలో నోరు జారారు. "తెరేసమ్మ గారూ, దీన్ని మీరు రోట్లో దంచారు కదండీ? జాన్‌బాబు గారూ, అది సముద్రంలో కలవలేదూ?"

 అప్పటికే జనం వస్తున్నారు. చాపల వాళ్ళు, బెంచీల వాళ్ళు గుమ్మంలో నిలబడి వింటున్నారు. తాసిల్దారుగా పనిచేసిన అనుభవం ఊరికే పోతుందా! లాజరు గారు రెండు చేతులూ పైకెత్తారు.

"పునరుత్థానం!" అన్నారు. "ధ్వంసమైనవి తిరిగి లేచినవి! క్రిస్మస్ ఉదయాన మన మధ్య అద్భుతం జరిగింది! మన విశ్వాసానికి పునాది అదే కదా! చచ్చి లేచిన లాజరు పేరే నా పేరు, నాకు తెలియదా?"

"ఆమెన్!" అన్నారు తక్కిన ముగ్గురూ ఒక్క గొంతుతో. ఆ నలుగురూ ఒక మాట మీద నిజంగా ఏకగ్రీవమైంది అప్పుడే.

దొరసాని గారు అటూ ఇటూ చూశారు. గుమ్మం పక్కకు తప్పుకుని, చేతులకు దూది పీచులతో నిలబడ్డ మణెమ్మ కనిపించింది.

"మణీ! నీవు మొదట కట్టవలసినదానవు. అందరూ తెచ్చిరి. నీవు తెచ్చినదేది?"

మణెమ్మ ఒక్కడుగు ముందుకు వేసింది. తర్వాత తాపీగా, గుడంతా వినబడేలా అంది.

"నేనేం తేలేదు దొరసానమ్మా. తీసుకుపోయినోళ్ళు తెచ్చారు. నేనేం తీసుకుపోలేదు గదా, తేవటానికి!"

చాపల వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అది బెంచీల దాకా పాకింది. దొరసాని గారు నవ్వలేదు. మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటున్న నలుగురినీ ఒక్కొక్కరినే చూశారు. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బోర్డింగు నడిపిన మనిషి. అబద్ధం వాసన ఆవిడకు కొత్త కాదు.

"అన్నియు విప్పుడి" అన్నారు.

విప్పారు. 

"ఇప్పుడు, మణీ, నీకు నచ్చినదానిని మొదట కట్టుము."

మణెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. గొర్రెల కాపరుల బంతి రెండు చేతులా తీసుకుంది.  ఎత్తైన కొమ్మకు కట్టి, బొమ్మ జనం వైపు తిప్పి, వెనక్కి జరిగి చూసుకుంది. "ఆ కాలి మట్టి చూడండమ్మగారూ, అచ్చం మా ఆయన కాలే" అని నాతో మాత్రం అంది. ఆ తర్వాత ఆరాధన అయిందాకా ఒక్క మాట మాట్లాడలేదు. దొరసాని గారు ఆమె చెయ్యి పట్టుకుని ముందు వరసకు తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ పేము కుర్చీ వీపు మీద లాజరు గారి పేరు రాసి ఉంది. లాజరు గారు ఆ రోజు దేవుణ్ణి నిలబడే ఆరాధించారు.

పాలకవర్గంలోకి దొరసాని గారు నర్సు అమలమ్మ పేరు రాసి ఇచ్చి వెళ్ళారు. కమిటీ వాళ్ళ ఇళ్ళకు టీకి వెళ్ళలేదు. మణెమ్మ పాకలో కూర్చుని టీ తాగారు.

కొత్త సంవత్సరం రాగానే కమిటీ సమావేశమైంది. క్రిస్మస్ ఉదయాన జరిగిన మహాద్భుతాన్ని గురించి సంఘ పత్రికకు వ్యాసం పంపడానికి తీర్మానించారు. ఆ అద్భుతాన్ని శంకించిన ఒక నోటి మీద చర్య తీసుకోవాలని తెరేసమ్మ గారు ప్రతిపాదించారు. జాన్‌బాబు గారు బలపరిచారు. మణెమ్మను పనిలోంచి తీసివేయడమైనది అని రాయడానికి లాజరు గారు కలం తెరిచారు.

"మరి గుడి ఎవరు ఊడుస్తారు?" అన్నారు రత్తయ్య గారు.

కలం ఆగింది. గుడి ఒక్కటేనా? నలుగురి ఇళ్ళలో అంట్లు తోమేది ఎవరు? ఆ జీతానికి, ఆ నాలుగిళ్ళకు ఇంకో మనిషి బెజవాడ అంతా వెదికినా దొరకదు.  చివరికి లాజరు గారి ముఖం వికసించింది. పాస్టర్లకేం, కావలసినంతమంది దొరుకుతారు!

మమ్మల్ని మైలవరం బదిలీ చేశారు.